జై హింద్ వెనుక మన హైదరాబాదీ: ఆబిద్ హసన్ సఫ్రానీ

మన బడిలో పొద్దున ప్రేయర్ కాగానే డ్రిల్ సార్ మూడుసార్లు జై హింద్ అనిపించేవారు. మొదటిసారి గొంతు సరిగ్గా లేవకపోతే అది లెక్కలోకి వచ్చేది కాదు, మళ్లీ మొదటి నుంచి అనాల్సిందే. ఆగస్టు పదిహేనున ప్రభాత భేరి ఊరంతా తిరిగి బడికి చేరేసరికి అందరి గొంతులూ బొంగురుపోయేవి. బిస్కెట్లు పంచుతుంటే థాంక్యూ సార్ అనడానికి కూడా మాట పెగిలేది కాదు. పదేళ్లు అలా అరిచిన మేము, ఆ రెండు మాటలు ఎవరు కూర్చారని ఒక్కసారి కూడా అడగలేదు. సాంఘికశాస్త్రం పుస్తకంలో టోపీ పెట్టుకున్న నేతాజీ బొమ్మ ఉండేది కాబట్టి ఆయనవే అనుకున్నాం.

ఆ మాటను సైన్యంలో పలకరింపుగా నిలబెట్టిన మనిషి మన హైదరాబాదు వాడు. ఇంజినీరింగు చదవడానికి జర్మనీ వెళ్లి, చదువు సగంలో వదిలేసినవాడు. మేము ప్రేయర్‌లో అరుస్తున్న రోజుల్లో ఆయన బతికే ఉన్నారు. ఇక్కడి నుంచి రెండు వందల కిలోమీటర్ల దూరంలో, జగిత్యాలలో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరే హైదరాబాదులోనే. ఈ సంగతి నాకు తెలిసేసరికి నలభై దాటాయి. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు, వంతెనల గురించీ సిమెంటు గురించీ కాకుండా ఆయన గురించి రాయాలనిపించింది.

ఆయన పూర్తి పేరు జైనుల్ ఆబిదీన్ హసన్. 1911లో హైదరాబాదులో పుట్టారు. తండ్రి నిజాం ప్రభుత్వంలో అధికారి. తల్లి ఫఖ్రుల్ హాజియా బేగం గాంధీగారి అనుచరురాలు. ట్రూప్ బజారులోని వాళ్ల ఇల్లు ఆబిద్ మంజిల్‌లో విదేశీ బట్టలు కుప్పపోసి కాల్పించిన మనిషి ఆమె. నిజాం రాజ్యంలో, అదీ ఒక సర్కారీ ఉద్యోగి ఇంట్లో ఆ పని చేయడానికి ఎంత గుండె కావాలో ఆ కాలం తెలిసిన పెద్దలు చెప్పాలి. (ఆబిడ్స్ సెంటర్ పేరుకూ ఈయనకూ సంబంధం లేదు. అది ఆరో నిజాం కాలంలో అక్కడ దుకాణం నడిపిన మరో ఆబిద్ పేరు. నేను కూడా మొదట పొరబడ్డాను.) అన్న బద్రుల్ హసన్ గాంధీగారి దగ్గర పనిచేశారు. మద్యం, మత్తుమందుల మీద ఆయన రాసిన పుస్తకానికి గాంధీగారే ముందుమాట రాశారు.

ఇలాంటి ఇంట్లో పెరిగిన పిల్లవాడు కాలేజీ వదిలి శాసనోల్లంఘనలోకి దిగడంలో వింత లేదు. సబర్మతి ఆశ్రమంలో ఉన్నారు, జైలుకు వెళ్లారు, గాంధీ-ఇర్విన్ ఒప్పందం తరువాత బయటికొచ్చారు. తరువాత పైచదువు. ఉన్నవాళ్ల పిల్లలందరూ లండన్ ఓడ ఎక్కుతున్న కాలంలో ఈయన ఇంగ్లండు వద్దని జర్మనీ ఎంచుకుని ఇంజినీరింగులో చేరారు. 1939లో యుద్ధం మొదలైనప్పుడు అక్కడే చిక్కుకుపోయారు.

1941లో సుభాష్ చంద్రబోస్ కలకత్తాలో గృహనిర్బంధం నుంచి తప్పించుకుని కాబూల్, మాస్కోల మీదుగా బెర్లిన్ చేరారు. ఆ ఏడాది నవంబరులో ఫ్రీ ఇండియా సెంటర్ తెరిచారు. అక్కడున్న భారతీయ విద్యార్థులను పిలిచి మాట్లాడేవారు. ఆబిద్ హసన్ కూడా వెళ్లారు. డిగ్రీ పూర్తి కాగానే వచ్చి చేరతానని చెప్పారట. చిన్న చిన్న వాటి మీద మనసు పెట్టుకుంటే పెద్ద పనులు చేయలేమని బోస్ అన్నారట. ఇంజినీరింగు డిగ్రీ చిన్న వస్తువా! మా బాపు నన్ను కాలేజీకి పంపడానికి ఎంత తిప్పలు పడ్డాడో తెలిసినవాడిని కాబట్టి ఇది చదివినప్పుడు నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. ఆబిద్ హసన్ మాత్రం చదువు వదిలేశారు. మళ్లీ దాని జోలికి పోలేదు. బోస్‌కు కార్యదర్శిగా, దుబాసీగా పనిచేస్తూనే, సైనిక శిక్షణలో మామూలు సిపాయిగా చేరారు.

ఆ శిక్షణ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఉత్తర ఆఫ్రికాలో బ్రిటిష్ వాళ్ల తరఫున పోరాడుతూ రోమెల్ సైన్యానికి పట్టుబడిన భారతీయ సిపాయిలు వేలల్లో ఉండేవారు. వారిలో చాలామందిని జర్మనీలో అన్నబుర్గ్ అనే చోట యుద్ధ ఖైదీల శిబిరానికి తెచ్చారు. వాళ్లలోంచి ఇష్టపడ్డవారితో ఒక దళం తయారు చేయాలన్నది బోస్ ఆలోచన. 1941 డిసెంబరు 25న మొదటి జట్టు బెర్లిన్ స్టేషన్‌లో రైలెక్కింది. మొత్తం 15 మంది. పదిమంది పౌరులు, ఐదుగురు ఖైదీలు. మొదట ఫ్రాంకెన్‌బర్గ్‌లో, తరువాత డ్రెస్డెన్ దగ్గర కోనిగ్స్‌బ్రూక్‌లో శిక్షణ నడిచింది. యూనిఫాం జర్మన్ సైన్యానిదే, భుజం మీద మాత్రం దూకుతున్న పులి బొమ్మ. 1943 నాటికి ఆ దళం మూడు వేల దాకా పెరిగింది.

బ్రిటిష్ సైన్యంలో పటాలాలు కులాన్ని, మతాన్ని బట్టి ఉండేవి. సిక్కుల కంపెనీ వేరు, రాజపుత్రుల కంపెనీ వేరు, పంజాబీ ముస్లింల కంపెనీ వేరు, వంట వేరు. బోస్ మొదటి రోజు నుంచే అందరినీ కలిపి ఒకే పటాలంలో పెట్టమన్నారు. జర్మన్ అధికారులకు ఇది కుదిరే పని కాదనిపించింది. సిపాయిలకూ అలవాటు లేదు. సౌదీలో సైటు క్యాంపుల్లో ఉండి వచ్చిన మన రాయికల్, కోరుట్ల, సిరిసిల్ల వాళ్లను అడిగితే తెలుస్తుంది. ఒకే గదిలో పండుకునే పన్నెండు మంది వంట పొయ్యి దగ్గరికి వచ్చేసరికి నాలుగు గుంపులు ఎలా అవుతారో. అది జీతం కోసం వెళ్లిన చోటు. ఇక్కడేమో పట్టుబడి, ఓడిపోయి, ఇంటి దగ్గర బతికున్నామో లేదో కూడా తెలియని మనుషులు.

ఆబిద్ హసన్ వాళ్ల మధ్యే ఉంటూ, వాళ్లు తినేది తింటూ, వాళ్లతో వాదిస్తూ దళాన్ని కలిపే పని చేశారు. ఆయన తరువాత చెప్పుకున్న సంగతి ఒకటుంది. ఒక దశలో అన్ని మతాల సిపాయిలూ కలిసి చేసుకునే ఒక ప్రార్థన తయారైంది. అందరూ పక్కపక్కన నిలబడి అది చదువుతుంటే ఆయనకు సంబరమైంది. ఆ సంబరంతోనే బోస్‌కు చెప్పారు. మెచ్చుకుంటారనుకుంటే, బోస్ మందలించారు. ఇవాళ మతాన్ని చూపించి వీళ్లను కలిపితే, రేపు అదే మతాన్ని చూపించి ఎవరైనా విడదీయగలరు, కలవాల్సింది దేశం పేరు మీద అని ఆయన మాటల సారాంశం. ఇది ఎనభై ఏళ్ల కిందటి సంగతి. నేను దీని మీద ఇంకేమీ రాయను.

పలకరింపు సమస్య కూడా ఆ శిబిరంలోనిదే. పొద్దున లేస్తే ఒకరు రామ్ రామ్ అంటారు, ఒకరు సలాం అంటారు, ఒకరు సత్ శ్రీ అకాల్ అంటారు. అందరికీ కలిపి ఒకే మాట కావాలి, అది వెతకమని బోస్ ఆబిద్ హసన్‌కు అప్పగించారు. ఆయన మొదట హలో అంటే సరిపోదా అన్నారట, చీవాట్లు తిన్నారట. ఒకరోజు శిబిరంలో నడుస్తుంటే ఇద్దరు రాజపుత్ర సిపాయిలు జై రామ్‌జీ కీ అని పలకరించుకోవడం చెవిన పడింది. ఆ ఒరవడి నచ్చింది. దాన్ని జై హిందుస్తాన్ కీ అని మార్చి చూశారు. కవాతు చేస్తూ అనడానికి పొడుగైంది. కోసి కోసి జై హింద్ దగ్గర ఆపారు. నరేంద్ర లూథర్ గారు హైదరాబాదు మీద రాసినప్పుడు ఈ కథ చెప్పారు. ఆ మాటను అంతకు చాలా ముందే చెంపకరామన్ పిళ్లై వాడారనే వాదన కూడా ఉంది. ఆ తగువులో నేను దిగను. ఒక సైన్యం మొత్తం పొద్దున లేచి ఒకరినొకరు పలకరించుకునే మాటగా అది మారింది మాత్రం ఈ శిబిరంలో, ఈయన చేతుల మీదుగానే.

ఇదంతా జరిగింది హిట్లర్ జర్మనీలో. ఆ సిపాయిలు చేసిన ప్రమాణంలో బోస్ పేరుతో పాటు హిట్లర్ పేరూ ఉండేది. ఆ దేశం అదే కాలంలో యూదులను ఏం చేస్తున్నదో మనకు ఇప్పుడు తెలుసు. శత్రువుకు శత్రువు మిత్రుడనే లెక్క మీద బోస్ అక్కడికి వెళ్లారు. ఆ లెక్క సరైనదేనని నేను అనలేను. అలాగని ఖైదీల శిబిరంలో ఉన్న పంజాబు రైతు కొడుకును ఇక్కడ కూర్చుని తప్పుపట్టలేను.

1943 మొదట్లో బోస్ తూర్పు ఆసియాకు వెళ్లాలని నిశ్చయించుకున్నారు. ఆకాశం, సముద్రం రెండూ శత్రువు చేతిలో ఉన్నాయి, మిగిలింది నీటి అడుగు దారి. వెంట ఒక్కరినే తీసుకెళ్లవచ్చు. బోస్ ఆబిద్ హసన్‌ను ఎంచుకున్నారు. ఫిబ్రవరి 9న కీల్ నుంచి యు-180 అనే జర్మన్ జలాంతర్గామి బయల్దేరింది. కెప్టెన్ వెర్నర్ ముజెన్‌బర్గ్. 87 మీటర్ల పొడవున్న ఆ ఇనుప గొట్టంలో 78 రోజులు. ఇంజినీర్లకు ఒక మాట: ఈ రకం పడవలు జర్మనీ రెండే కట్టింది. మామూలు ఇంజిన్ల బదులు వేగపు పడవలకు వాడే డీజిల్ ఇంజిన్లు ఆరు బిగించారు. అవి విపరీతంగా వేడెక్కేవి, పొగ కక్కేవి. చివరికి పీకి పారేశారు. అందుకే పడవంతా డీజిల్ కంపు. రొట్టె కూడా ఆ వాసనే వేసేదని ఆబిద్ హసన్ చెప్పుకున్నారు. ఆయన సామాన్ల గదిలో వెతికి ఒక బియ్యం సంచి, పప్పు సంపాదించి బోస్‌కు ఖిచ్డీ లాంటిది వండి పెట్టించారట.

అక్కడ కూడా పని ఆగలేదు. బోస్ చెబుతుంటే ఈయన రాసుకునేవారు. ఝాన్సీ రాణి పేరుతో ఆడవాళ్ల పటాలం పెట్టాలన్న ఆలోచన ఆ ఇరుకులోనే రూపు కట్టింది. ఒకసారి పడవ పొరపాటున పైకి తేలి, ఎదురుగా వస్తున్న ఓడ ఢీకొట్టబోయి రాసుకుంటూ పోయింది. అందరికీ పైప్రాణాలు పైనే పోయాయి. ఆబిద్ హసన్ చేతిలో కలం ఆగిపోయింది. బోస్ మాత్రం చెప్పింది మళ్లీ చెప్పి, ఇంకా రాసుకోలేదేమని అడిగారట. ఏప్రిల్ 18న అదే జలాంతర్గామి కోర్బిస్ అనే బ్రిటిష్ ట్యాంకర్‌ను ముంచింది. ఆ నావికుల చావును ఈ ఇద్దరు భారతీయులూ దగ్గర నుంచి చూశారు.

మడగాస్కర్ దాపున ఏప్రిల్ 28న ఐ-29 అనే జపాను జలాంతర్గామి ఎదురొచ్చింది. సముద్రం పోట్లెత్తి ఉంది. రెండు పడవల మధ్య తాడు కట్టి, రబ్బరు తెప్పలో కూర్చోబెట్టి ఇద్దరినీ దాటించారు. నిలువునా తడిసి అవతలికి చేరారు. మరునాడు జపాను చక్రవర్తి పుట్టినరోజు, కూర మసాలాతో విందు. వాళ్లు పెనాంగ్‌లో మన మసాలాలు కొని తెచ్చుకున్నారు. ఇంటికి వచ్చినట్టయిందని ఆబిద్ హసన్‌కు అనిపించిందట.

ఐ-29 మీద తీసిన గ్రూప్ ఫొటో ఒకటి చాలా ప్రసిద్ధం. ముందు వరుసలో బోస్, చుట్టూ జపాను నావికులు. అచ్చం మన పదో తరగతి ఫొటోలాగే, వెనుక నిలబడ్డవాళ్లు, ముందు కూర్చున్నవాళ్లు, కెమెరా వైపు చూడనివాడు ఒకడు. పదిహేను నెలలకు, 1944 జూలైలో, ఐ-29ను అమెరికన్ జలాంతర్గామి టార్పిడోలతో ముంచేసింది. ఆగస్టులో యు-180 కూడా బిస్కే అఖాతంలో అందరితో సహా పోయింది.

ఆ యుద్ధ కాలంలోనే అమెరికాలో బాంబర్ విమానాల నుంచి బాంబులు విడిచే పని నేర్పే బడులు ఉండేవి. అక్కడ ఒక్కో బ్యాచ్‌కూ ఒక ఫొటోల పుస్తకం అచ్చయ్యేది, మన ఈ సంచిక లాగానే. పేరు, ఊరు, ముఖం. ఆ కుర్రవాళ్లలో ఎందరో తిరిగి రాలేదు. ఇళ్లలో ఆ పుస్తకాలను ఇప్పటికీ దాచుకుంటారు. కోనిగ్స్‌బ్రూక్‌లో శిక్షణ పొందిన మన మూడు వేల మంది పేర్లు, ముఖాలు ఉన్న అలాంటి పుస్తకాన్ని నేనెక్కడా చూడలేదు. బోస్, ఆబిద్ హసన్ వెళ్లిపోయాక వాళ్లు జర్మన్ల చేతిలో ఉండిపోయారు. హాలండ్ పంపారు, తరువాత ఫ్రాన్స్ తీరంలో లకానో దగ్గర కాపలా పెట్టారు. 1944 ఆగస్టులో ఎస్ఎస్ కిందికి మార్చారు. ఓడిపోయి వెనక్కి వస్తూ మళ్లీ పట్టుబడ్డారు. ఇంటికి చేరింది విచారణల మధ్య. స్వాతంత్ర్యం వచ్చాక కూడా వాళ్లను సైన్యంలోకి తిరిగి తీసుకోలేదు.

ఆబిద్ హసన్ జీవితంలో ఆ తరువాత కథ చరిత్ర పుస్తకాల్లో ఎక్కువగా ఉన్నదే. 1943 అక్టోబరు 21న సింగపూర్‌లో ఆజాద్ హింద్ ప్రభుత్వం ఏర్పడింది. దాని జాతీయ గీతం శుభ్ సుఖ్ చైన్, ఠాగూర్ పాటకు హిందుస్తానీ రూపం. ముంతాజ్ హుస్సేన్‌తో కలిసి దాన్ని రాసింది ఆబిద్ హసనే. కెప్టెన్ రామ్ సింగ్ సంగీతం కట్టారు. అంటే మన ప్రేయర్‌లో పాటకు ఒక చుట్టరికం, నినాదానికి ఒక పుట్టుక, రెండూ ఈ ఒక్క మనిషి దగ్గరే ఉన్నాయి.

1944లో ఇంఫాల్ యుద్ధానికి వెళ్లారు. తిరోగమనంలో వానలు, మలేరియా, జిగట విరేచనాలు, తిండి లేకపోవడం. తుపాకీ గుండ్ల కన్నా ఇవే ఎక్కువ మందిని తీసుకెళ్లాయి. ఆ నడకలో తనతో ఉన్న మనుషుల గురించి ఆయన తరువాత ది మెన్ ఫ్రమ్ ఇంఫాల్ అనే చిన్న రచన చేశారు. పేరు చూడండి, తన గురించి కాదు.

1945 ఆగస్టులో జపాను లొంగిపోయింది. బోస్ బ్యాంకాక్ నుంచి సైగాన్ చేరినప్పుడు వెంట ఉన్న కొద్దిమందిలో ఆబిద్ హసన్ ఒకరు. సైగాన్‌లో జపాను విమానంలో బోస్‌తో పాటు ఇంకొక్కరికే చోటు దొరికింది. హబీబుర్ రెహమాన్ ఎక్కారు. 1943లో ఒక్కరికే చోటున్నప్పుడు ఆబిద్ హసన్‌కు దొరికింది, 1945లో దొరకలేదు. ఆగస్టు 18న తైహోకులో ఆ విమానం కూలిందన్న వార్త వచ్చింది.

ఆయనను బ్రిటిష్ వాళ్లు పట్టుకుని జైల్లో పెట్టారు. ఇక్కడ హైదరాబాదులో తల్లి ఆజాద్ హింద్ ఖైదీలందరూ నా పిల్లలేనని, వాళ్లను విడిచిపెట్టాలని వీధుల్లో తిరిగింది. 1946లో విడుదలయ్యారు. కొంతకాలం కరాచీలో ఒక బల్బుల కంపెనీలో ఉద్యోగం చేశారు. దేశం రెండు ముక్కలైనప్పుడు కరాచీ వదిలి హైదరాబాదు తిరిగి వచ్చారు. అప్పుడు ఎటు జనం అటు పోతున్న రోజులు, ఈయన వచ్చిన దిక్కు చూడండి. 1948లో భారత విదేశాంగ సేవలో చేరి ఈజిప్టు, ఇరాక్, సిరియా, చైనాల్లో పనిచేశారు. డెన్మార్క్‌లో రాయబారిగా ఉండి 1969లో రిటైరయ్యారు. జర్మన్ శిబిరాల రోజుల గురించి అడిగిన చరిత్రకారులకు మాత్రమే చెప్పేవారు.

పేరు చివర ఉన్న సఫ్రానీకి ఒక కథ ఉంది. జెండా రంగు మీద తగువొచ్చినప్పుడు హిందువులు కాషాయం కావాలన్నారు, ముస్లింలు ఆకుపచ్చ అన్నారు. చివరికి హిందువులు పట్టు విడిచారు. దానికి చలించి ఈయన కాషాయాన్ని, అంటే సాఫ్రాన్‌ను, తన పేరులోనే కలిపేసుకున్నారని చెబుతారు.

అన్న కూతురు సురయ్యా హసన్ బోస్ పేరు సిరిసిల్ల, కోరుట్ల నేతకారుల్లో కొందరు విని ఉంటారు. హిమ్రూ, మష్రూ లాంటి పోయిన నేతలను హైదరాబాదులో మళ్లీ మగ్గం ఎక్కించిన మనిషి. నేతాజీ అన్న కొడుకును పెళ్లి చేసుకున్నారు. మన దగ్గర మగ్గాలు పోయి సాంచాలు వచ్చి, సాంచాలు నడిపే ఆసాములు అప్పులపాలవుతున్న కాలంలోనే ఆమె టోలీచౌకి దగ్గర చేతిమగ్గాలు పెట్టి, భర్తలు పోయిన ఆడవాళ్లకు నేత నేర్పించారు. ఆ మగ్గాల పక్కనే బాబాయి పేరు మీద సఫ్రానీ మెమోరియల్ హైస్కూలు కట్టారు. 2021లో ఆమె కూడా పోయారు.

ఆబిద్ హసన్ 1984 ఏప్రిల్‌లో హైదరాబాదులో కన్నుమూశారు. అప్పుడు నాకు తొమ్మిదో తరగతి పరీక్షల రోజులు. ఆ వార్త మన బడి దాకా రాలేదు, లేదా వచ్చినా మేము పట్టించుకోలేదు. మరుసటి జూన్‌లో బడి తెరవగానే పొద్దున ప్రేయర్‌లో మళ్లీ మూడుసార్లు అరిచాం.

ఐ-29 ఫొటో చూసినప్పటి నుంచి నాకు మన 1985 పదో తరగతి ఫొటో గుర్తొస్తున్నది. నా దగ్గరున్న కాపీ చెద పట్టింది. వెనుక రాసిన పేర్లు సగం పోయాయి. రెండో వరుసలో ఎడమ నుంచి నాలుగోవాడు, పై వరుసలో చివరి ఇద్దరు ఎవరో నేను గుర్తుపట్టలేకపోతున్నాను. డ్రిల్ సార్ పక్కన అటెండర్ కూడా నిలబడి ఉన్నాడు, అతని పేరు మాకెవరికీ తెలియదు. ఎవరి దగ్గరైనా మంచి కాపీ ఉంటే సంచిక సంపాదకులకు ఇవ్వండి, పేర్లన్నీ రాసి బడి ఆఫీసు గదిలో గోడకు పెట్టిద్దాం.